ఆ ఆరు కిలోమీటర్లు ఎందుకు వదిలేశావు?

అమ్మాయీ, ఆశీస్సులు.

సముద్రం అడుగున పడున్న యుద్ధ ట్యాంకుల దగ్గరికి దిగే డైవర్ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. ఇసుకలో కూరుకుపోయిన బుల్డోజర్ మీద పీత పాకే వాక్యం బాగుంది. కానీ ఆ అస్థిపంజరం, దాని గుప్పిట్లో ప్రియురాలి ఫొటో! అక్కడికొచ్చేసరికి కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను.

నువ్వు రాసింది ఎల్‌సీటీ 2428 గురించే కదా? రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 5 సాయంత్రం ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి బయల్దేరిన ల్యాండింగ్ క్రాఫ్ట్, అంటే ట్యాంకుల్ని ఒడ్డున దించే పడవ. నడిసముద్రంలో ఇంజను మొరాయించింది. జాంటీ అనే టగ్గు, అదే ఓడల్ని లాగే పడవ, దాన్ని పోర్ట్స్‌మత్ రేవు వైపు లాక్కొస్తుంటే ఆ ల్యాండింగ్ క్రాఫ్ట్ బోల్తా పడింది. ట్యాంకులూ బుల్డోజర్లూ నీళ్ళలోకి జారిపోయాయి. తలకిందులుగా తేలుతున్న పడవ మిగతా ఓడలకు అడ్డమని టగ్గే దాని మీద కాల్పులు జరిపి ముంచేసింది. సిబ్బందిని కాపాడారు. మరి నీ అస్థిపంజరం ఎవరిది?

సౌత్‌సీ డైవింగ్ క్లబ్బువాళ్ళు 2008లో సర్వే చేసింది ఒక చిక్కు విప్పడానికి. ఇంగ్లండ్ దక్షిణాన సెల్సీ తీరానికి దూరంగా, 20 మీటర్ల లోతున సెంటార్ రకం బ్రిటిష్ ట్యాంకులు రెండు, రెండు బుల్డోజర్లు ఉన్నాయి, వాటిని మోసిన పడవ మాత్రం లేదు. పడవేమో 6 కిలోమీటర్ల అవతల ఉంది. అడుగున కొలతలు తీశారు, పైకొచ్చి పాత రికార్డులు తిరగేశారు, రెండూ ఒకే ప్రమాదానివని తేల్చారు. ఆ 6 కిలోమీటర్లే కథ. నువ్వు అటు చూడనే లేదు.

నాకింత కోపం ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ళ కిందట, సముద్రం కోసేస్తున్న ఉప్పాడ మీద కథ రాశాను. ఒక ముసలామె ఒడ్డున నిలబడి, అలల్లోకి వేలు చూపించి, "అదిగో, ఆ అల విరిగే చోట మా నుయ్యి" అంది. ఉన్నదున్నట్టు రాశాను. ఓ వారపత్రిక సంపాదకుడు ఆ మాట కొట్టేసి, ఆమె గుండెలు బాదుకుని ఏడ్చినట్టు తనే రాసి అచ్చేశాడు. డబ్బు అవసరం, నోరెత్తలేదు. ఆ కథని ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇప్పటి కథల పోటీలవాళ్ళూ కన్నీళ్ళనే తూకం వేస్తున్నారు.

కొలిచే మనిషి ఏడవడని ఎవరన్నారు? కొలతే దుఃఖం. పోయినదాన్ని అంత దగ్గరగా చూసేది ఇంకెవరు?

కథ మళ్ళీ రాయి. పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు నిలకడగా ఉండే కాసేపూ నీ డైవర్ చేతికి టేపు ఇవ్వు. సెంటార్ ఫిరంగి 95 మిల్లీమీటర్లది. దాని నోరు కొలవనీ, స్లేటు మీద అంకె రాసుకోనీ. తర్వాత ఆ మసకనీళ్ళలో చుట్టూ పడవ కోసం వెతకనీ. దొరకదు. అక్కడ ఆపి, నాకు పంపు.