పురుగు కనబడలేదా? కుండీ బోర్లించి చూడండి

సందేహం: కడియం నర్సరీ నుంచి తెచ్చిన అరెకా పామ్, మనీప్లాంట్, క్రోటన్లు వరండాలో పెట్టుకున్నాం. ఆకులు జిగటగా అయి నల్లగా మసి పడుతోంది. పామ్ అయితే రోజూ నీళ్లు పోస్తున్నా వాడిపోతోంది. ఎంత వెతికినా ఒక్క పురుగూ దొరకలేదు. ఏ మందు కొట్టాలి? – ఒక గృహిణి, మండపేట

సలహా: మందు సంగతి తర్వాత అమ్మా, ముందు మీ వరండా పక్కన కొబ్బరిచెట్టు ఉందో లేదో చెప్పండి. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మన దేశంలో మొదటిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత మన కొబ్బరి మీదకీ వచ్చింది, అది ఆకు అడుగున కూర్చుని రసం పీల్చి తేనెలాంటి జిగురు కిందికి వదులుతుంది, ఆ జిగురు మీదే మసిలాంటి నల్లబూజు పెరుగుతుంది. దొంగ పైన ఉంటే మీరు కుండీలు సోదా చేస్తున్నారేమో! ఒక క్రోటన్‌ను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి వారం రోజులు హాల్లో పెట్టండి. మళ్లీ జిగురు రాకపోతే తప్పు కొబ్బరిచెట్టుది. అప్పుడు కుండీలు అక్కణ్ణుంచి జరపండి, పట్టిన మసికి పల్చటి గంజి చల్లితే ఎండాక పొరలుగా రాలిపోతుంది.

హాల్లో కూడా జిగురు వస్తే పురుగు మొక్క మీదే ఉన్నట్టు. ఆకు అడుగున ఈనె వెంట, కాడ కాండాన్ని కలిసే సందులో చూడండి. గోరుతో గీకితే ఊడొచ్చే గోధుమరంగు బుడిపె పొలుసు పురుగు, దాన్ని చాలామంది మొక్క మచ్చే అనుకుంటారు. తెల్లకాగితం మీద ఆకును తట్టి చూడండి, రాలిన చుక్కలు కదిలితే అది ఆకు రసం పీల్చే నల్లి (మంచం నల్లి కాదు). చీమలు ఎక్కుతుంటే వాటి వెంటే వెళ్లండి, మనకంటే వాటికే బాగా తెలుసు.

పామ్ మీద మాత్రం నా అనుమానం వేరు. నీళ్లున్నా వాడుతోందంటే వేరు పని చేయడం లేదు. కుండీ బోర్లించి మట్టిగడ్డ కదలకుండా బయటికి తీయండి, వేళ్ల మీద, కుండీ లోపలి గోడకు పిండి చల్లినట్టు తెల్లగా కనబడితే అది వేళ్ల రసం పీల్చే వేరు పిండినల్లి. ఇది పైకి రాదు, అందుకే ఆకుల మీద ఎంత కొట్టినా దండగే. వాడిందని మీరు రోజూ నీళ్లు పోస్తున్నారు చూశారూ, దానివల్ల మిగిలిన వేళ్లూ కుళ్లిపోతాయి, అది ఆపండి. పాత మట్టి పారేసి (పెరట్లో మాత్రం వద్దు), వేళ్లను కుళాయి కింద కడిగి, కుళ్లినవి కత్తిరించి, వేడినీళ్లతో కడిగిన కుండీలో కొత్త మట్టి వేసి నాటండి. దాని పళ్లెంలో నీళ్లు పక్క కుండీలో పోయకండి.

ఆకుల మీది పురుగుకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కలవడానికి కొంచెం సబ్బునీళ్లు చేర్చి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి, వారానికోసారి, మూడుసార్లు. వరిచేలో కొట్టగా మిగిలిన మందు ఇంట్లో వాడొద్దు, పిల్లలు తిరిగే చోటు కదా. పదిహేను రోజులాగి పామ్‌ను ఇంకోసారి బోర్లించి చూడండి.