ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన పసికందుల ఐసీయూలో) నర్సుగా చేరాలంటే వేరే డిగ్రీ చదవాలా?

అక్కర్లేదు. జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితే చాలు. నెల్లూరు, ఒంగోలు లాంటి చోట్ల పెద్దాసుపత్రుల్లో పసిపిల్లల వార్డుకు కావలసిన మూల అర్హత ఇదే.

కారణమేమిటంటే, ఆ వార్డులో కావలసిన నైపుణ్యం ఎక్కువగా పని మీదే వస్తుంది. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డకు ఆక్సిజన్ పెడితే, రక్తంలో ఆక్సిజన్ శాతం సాధారణంగా 90-95 మధ్య ఉంచాలి. తగ్గితే ప్రాణానికి ముప్పు, మరీ పెరిగితే కంటి రెటీనా దెబ్బతినొచ్చు. మానిటర్ మీద ఆ అంకెను గంటగంటకూ కనిపెట్టుకుని ఉండేది నర్సే. ట్యూబులో 2 మిల్లీలీటర్ల పాలు పోసేటప్పుడు కూడా పొట్ట ఉబ్బిందేమో చూసుకోవాలి. చేతులు సరిగ్గా కడుక్కోవడం అన్నిటికంటే ముఖ్యం. ఇన్‌ఫెక్షన్‌ను ఆపేది అదే.

ఉదాహరణకు, కావలి అమ్మాయి ఇంటర్ తర్వాత 3 ఏళ్ల జీఎన్‌ఎం చదివితే, స్టాఫ్ నర్సుగా నేరుగా ఈ వార్డులో చేరవచ్చు. నియోనేటల్ (నవజాత శిశువుల) నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా తర్వాత చేసుకోవచ్చు. అది అదనపు బలమే గానీ తప్పనిసరి కాదు. బీఎస్సీకైతే ఇంటర్‌లో బైపీసీ ఉండాలి.

చాలామంది ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్ కోర్సు) చేసినా సరిపోతుందనుకుంటారు. సరిపోదు, స్టాఫ్ నర్సు పోస్టుకు దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఫీజు కట్టేముందే ఈ తేడా తెలుసుకోండి.