పదహారు వన్నెలంటే పదహారు క్యారెట్లు కాదు

సందేహం: ‘పదహారు వన్నెల బంగారం’ అని ఒక వ్యాసంలో రాశాను. ‘పదహారు క్యారెట్లంటే నాసిరకం కదా, ఇరవై నాలుగు అని దిద్దండి’ అంటున్నారు. దిద్దాలా? అసలీ 24 లెక్క ఎక్కడిది?

సమాధానం: దిద్దకండి. పదహారుకు పదహారు వన్నెలూ ఉన్నది మేలిమి బంగారమే. రూపాయికి పదహారణాలున్న రోజుల్లో ‘పదహారణాల’ అనే మాట నిండుదనానికి పేరైనట్టే ఇదీ.

వన్నె అంటే రంగు. సంస్కృత ‘వర్ణ’ శబ్దానికి తద్భవం. స్వచ్ఛతకు రంగు పేరెందుకంటే, బంగారాన్ని పట్టి చూసింది రంగుతోనే కాబట్టి. నల్లని గీటురాయి మీద నగను ఒకసారి గీస్తారు. పక్కనే, ఎంత పాలు (వంతు) బంగారమో ముందే తెలిసిన కడ్డీతో ఇంకో గీత గీస్తారు. రెండు గీతల రంగూ కలిస్తే నగది ఆ కడ్డీ వన్నే. రాగి ఎక్కువైతే గీత ఎర్రబారుతుంది, వెండి ఎక్కువైతే పాలిపోతుంది. రెండింటినీ తగుపాళ్ళలో కలిపితే కంటిని మోసం చేయవచ్చు. అందుకే గీత మీద నైట్రిక్ ఆసిడ్ చుక్క వేస్తారు: రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం నిలుస్తుంది.

ఈ పదహారు చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘షోడశ వర్ణకాలు’ ఉన్నాయి. పసుపుకొమ్ము రంగు సువర్ణం అక్కడ ప్రమాణం. తూకంలో సువర్ణమంటే 16 మాషాలు, మాషానికి 4 కాకణులు. ఒక్కో కాకణి బంగారం తీసి అంత రాగి చేరుస్తూ నాలుగు మాషాల హద్దు దాకా పోతే పదహారు వర్ణకాలు. ఆ హద్దు దగ్గర కూడా పన్నెండు మాషాల బంగారం మిగులుతుంది, అంటే నేటి 18 క్యారెట్లు! కాబట్టి ‘వన్నెకు ఒకటిన్నర క్యారెట్’ అని గుణించడం కూడా పొరపాటే. గోటి సందున జేగురు పొడి దాచి గీత మీద రాల్చడాన్ని కూడా ఆ గ్రంథం మోసంగా పట్టి చూపించింది.

పదహారే అంతటా లేదు. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో మేలిమి ‘బారహ్‌బానీ’, పన్నెండు వన్నెలది. ఆ ‘బానీ’ కూడా వర్ణమే. తమిళుల మేలిమి ‘పత్తరై మాట్రు’, పదిన్నర.

ఇక 24 రోము నుంచి వచ్చింది. 4వ శతాబ్ది తొలినాళ్ళలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి సాలిడస్ అనే బంగారు నాణెం తెచ్చాడు. రోమన్ పౌండులో 72వ వంతు, సుమారు 4.5 గ్రాములు. దాని తూకం 24 కెరాటియాన్లు. గ్రీకులో ఆ మాటకు ‘చిన్న కొమ్ము’ అని అర్థం. కొమ్ములా వంగిన, కరోబు అనే చెట్టు కాయకు, దాని గింజకు పేరు. మనకు గురిగింజ ఎలాగో వారికి అది అలాగ. (కరోబు గింజలన్నీ ఒకే బరువుంటాయన్నది మాత్రం నిజం కాదు, తూచి చూస్తే మిగతా గింజల్లాగే హెచ్చుతగ్గులున్నాయి.) ఆ బరువున్న ముద్దలో 22 కెరాటియాన్ల బంగారం, 2 వేరే లోహం ఉంటే అది 22. తూకం పేరు అలా పాలు పేరైంది. అరబ్బీలో కీరాత్, ఇటాలియన్‌లో కరాతో అయి, యూరపు భాషల మీదుగా మనకు క్యారెట్‌గా చేరింది.

వజ్రానికి ఆ మాట ఇప్పటికీ తూకమే. 1907లో 200 మిల్లీగ్రాములుగా స్థిరపరిచారు. ‘రెండు క్యారెట్ల వజ్రం’ బరువు చెబుతుంది, ‘22 క్యారెట్ల గొలుసు’ పాలు చెబుతుంది. వార్తల్లో ‘24 క్యారెట్ల స్వచ్ఛమైన వజ్రం’ అని కనిపిస్తే అది తప్పు వాడుక.

22ను 24తో భాగిస్తే వెయ్యికి 916 పైచిలుకు, అదే ‘916’. ‘916 కేడీఎం’ అని కలిపి రాయకండి. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన టంకం, అతుకు సంగతి. స్వచ్ఛతతో దానికి సంబంధం లేదు. కాడ్మియం పొగ పనివాళ్ళ ఊపిరితిత్తులకు చేటు. స్వచ్ఛతే చెప్పదలచుకుంటే ‘916 హాల్‌మార్క్’ చాలు. కవితాత్మకంగా కావాలంటే మీ పదహారు వన్నెలు ఉండనే ఉన్నాయి.