మూతి సంగతి తర్వాత, ముందు ఆ కన్ను చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. మాది కావలి దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చూసుకుంటుంటాను. 12 రోజుల క్రితం పొద్దున్నే నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు కుడిపక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే మూతి ఎడమకు లాగేసి ఉంది. కుడి కనుబొమ్మ లేవదు, కన్ను మూతపడదు. చెవి వెనక నొప్పి. రాత్రి గట్టు మీద చలిగాలి కొట్టిందన్నారు. పసరు వైద్యం చేయిస్తున్నాం. ఇంగ్లీషు మందులు వాడకూడదన్నారని షుగర్ మాత్రలు ఆపేశాను. నాలుగు రోజులుగా కన్ను ఎర్రగా ఉంటే మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేస్తున్నాం. వచ్చే నెల అమ్మాయి నిశ్చితార్థం. కరెంటు పెట్టించుకుంటే అప్పటికి మూతి సరవుతుందా?

సమాధానం: మీరు మూతి గురించి అడిగారు. నాకు భయంగా ఉన్నది కన్ను. రెప్ప మూతపడని కన్ను రాత్రంతా తెరుచుకునే ఉంటుంది, ఎండిపోతుంది. దాని మీద గట్టు దుమ్ము పడి నల్లగుడ్డు గీసుకుంటే పుండు పడుతుంది. ముఖం చాలావరకు దానంతటదే తిరిగొస్తుంది కానీ, మచ్చపడిన కంటికి చూపు అలా తిరిగిరాదు.

ఇక ఆ చుక్కలు. సీసా మీద పేరు రాయలేదు మీరు. షాపుల్లో ఎర్రకన్ను అనగానే ఇచ్చేవాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. ఎరుపు తగ్గుతుంది, కన్ను బాగైందనుకుంటాం, లోపల పుండు, ముఖ్యంగా ఫంగస్ ఉంటే, పెరుగుతూ పోతుంది. ఈ రోజే ఆపి, ఈ రోజే కంటి డాక్టరుకు చూపించుకోండి. రేపు కాదు. పసరు ఒక్క చుక్క కూడా కంట్లో, చెవిలో పడనివ్వకండి.

కంటి డాక్టరు వేరే చెప్పకపోతే పగలు గంటకో రెండు గంటలకో కృత్రిమ కన్నీటి చుక్కలు, పడుకునేటప్పుడు కంటి ఆయింట్‌మెంట్ వాడతాం. రెప్పను వేలితో పూర్తిగా మూసి, ఆ తర్వాతే టేపు అంటించాలి. సగం తెరిచిన కంటి మీద దూది పెట్టి కట్టేస్తే ఆ దూదే గుడ్డును గీరుతుంది. బండి మీద వెళ్తే కళ్లజోడు తప్పదు.

జబ్బు సంగతికొస్తే, నుదురు కూడా కదలడం లేదంటున్నారు కాబట్టి ఇది బెల్స్ పాల్సీ, అంటే ముఖ నరం వాచి ముఖం ఒకపక్క పడిపోయే జబ్బు అయ్యుండొచ్చు. మెదడులో వచ్చే పక్షవాతంలో మామూలుగా నుదురు ముడతలు పడుతుంది, కింది సగమే వంకరపోతుంది. అయితే ఈ తేడా చూసుకుని ఎవరూ ఇంట్లో తీర్పు చెప్పుకోవద్దు. చెయ్యి, కాలు బలహీనపడినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడు రక్తనాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలే.

చలిగాలికి పెద్దగా ఆధారం లేదు. చెవి వెనక ఎముకలోని సన్నటి దారిలో వెళ్లే ఏడో నరం వాచి నొక్కుకుపోతుంది. చాలామందిలో వైరస్ కారణమని అనుమానం. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ చూస్తాం. చెవిలో టార్చి వేసి నీటిపొక్కులు ఉన్నాయేమో డాక్టరును చూడమనండి. ఉంటే అది వేరే రకం, ఇంకా తొందరపడాలి. చెవిలో చీము, చెంప దగ్గర గడ్డ, స్పర్శ లేని మచ్చలు ఉన్నా చెప్పాలి.

దీనికి బాగా పనిచేసే మందు స్టెరాయిడ్ మాత్ర. మొదలుపెట్టాల్సింది 72 గంటల్లోపు. ఆ మూడు రోజులూ పసరుకు పోయాయి. కోప్పడుతున్నానని అనుకోకండి, మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే వారం దాటాక వస్తారు. ఒకరైతే పావురం రక్తం పూసుకుని వచ్చారు. ఇప్పుడైనా ఆ మాత్ర మీరే కొని వేసుకోవద్దు. షుగర్ అమాంతం పెరుగుతుంది, పైగా మీరు షుగర్ మందే మానేశారు! ఇప్పుడు దానివల్ల లాభం ఉందా లేదా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే తేల్చాలి. షుగర్, బీపీ ఈ రోజే చూపించుకుని, ఆపిన మాత్రల గురించి అడగండి.

ముఖానికి కరెంటు పెట్టించుకోవడం వల్ల త్వరగా తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. అద్దం ముందు మెల్లగా చేసే ముఖ వ్యాయామం ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. బుడగలు పట్టుబట్టి ఊదాల్సిన పనిలేదు. ఎక్కువమందిలో మూడు వారాల్లో కదలిక మొదలై, మూడు నుంచి ఆరు నెలల్లో దాదాపు మామూలవుతుంది. నాలుగు నెలలైనా చలనమే లేకపోతే ఎమ్మారై తీసి వేరే కారణం వెతకాలి.

నిశ్చితార్థం నాటికి మూతి పూర్తిగా సరవుతుందని చూడకుండా నేను చెప్పలేను. కావలి ఏరియా ఆసుపత్రికో, నెల్లూరు పెద్దాసుపత్రికో వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, పాత షుగర్ చీటీ రెండూ తీసుకెళ్లండి.