ఎచ్చెర్లలో పీజీ చదువు, శ్రీకాకుళంలో గది: 7,000 ఇరవయ్యో తారీకుకే ఎందుకు అయిపోతోంది?

ఇంటి నుంచి నెలకు 7,000 వస్తోంది, ముగ్గురం కలిసి వండుకుంటున్నాం, అయినా ఇరవయ్యో తారీకు దాటడం లేదన్నావు. దుబారా పెద్దగా లేదు తమ్ముడూ, లెక్కే తప్పు. నువ్వు నెలకు వేస్తున్నావు, సెమిస్టరుకు వెయ్యాలి.

పరీక్ష ఫీజు, రికార్డులు, జిరాక్సులు, సంక్రాంతికి ఊరు, ఒక జ్వరం. ఇవి ప్రతి నెలా రావు, ఆరు నెలల్లో మాత్రం తప్పవు. అన్నిటికీ 6,000 అనుకుంటే, డబ్బు పడిన రోజే 1,000 వేరే ఖాతాలోకి పంపెయ్. ఆ ఖాతాకు ఫోన్‌పే తగిలించకు. అద్దె వాటా 2,000, కరెంటు 300, వంట ఉమ్మడికి 1,800, బస్ పాస్, రీచార్జి కలిపి 600 తీస్తే మిగిలేది 1,300. దాన్ని పది రోజులకోసారి 430 చొప్పున తీసుకో. అంకెలు మీ గదివి వేసుకో, వరస మాత్రం ఇదే ఉంచు. రీచార్జి 28 రోజులదైతే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి. 84 రోజులది వేసుకున్నా అది మూడు 28లే, ఆ లెక్క మారదు.

తిండి దగ్గరే అసలు కత ఉంది. మనిషికి పూటకు 150 గ్రాముల బియ్యం వేసుకో. రెండు పూటలకు 300, ముగ్గురికి నెలకు 27 కేజీలు, అంటే ఇప్పుడొచ్చే 26 కేజీల బస్తా దాదాపు సరిపోతుంది. ఇంటి నుంచి బియ్యం తెచ్చుకోగలిగితే అంతకంటే పొదుపు లేదు. జేబు చిల్లు పడేది అన్నం వల్ల కాదు, కూర వల్ల. ఎచ్చెర్ల నుంచి అలిసిపోయి వచ్చాక కూరగాయలు తరిగే ఓపిక ఉండదు. కర్రీ పాయింట్‌కి వెళ్తారు, అది మూసేస్తే బిర్యానీకి. పొద్దున్నే 150 గ్రాముల కందిపప్పు కుక్కర్లో పెట్టేస్తే రాత్రికి తాలింపు ఒక్కటే పని. కూర ప్యాకెట్ కొన్నా ఒకటి చాలు, పక్కన పప్పో చారో ఉంటుంది. ఆకుకూరలు రైతుబజారులో తీసుకో, ధరల బోర్డు చూశాకే బేరం.

ఉమ్మడి డబ్బు మీద గొడవలు రాకుండా గోడ క్యాలెండరులో ఎవరు ఏ పూట తిన్నారో గీత పెట్టండి. అద్దె సమానం, సరుకులు గీతల లెక్కన. వారం రోజులు ఊరెళ్లినవాడు బియ్యానికి కూడా వాటా కట్టాలంటే, రెండో నెలకే గది విడిపోతుంది.

కరెంటులో దొంగ వేడినీళ్ల రాడ్డు. 1,500 వాట్ల రాడ్డు బకెట్టుకు ఇరవై నిమిషాలు పెడితే అర యూనిట్. ముగ్గురికి రోజూ అంటే నెలకు 45 యూనిట్లు. ఓనరు సబ్‌మీటరు పెడితే ఒకటో తారీకున రీడింగ్ ఫొటో తీసుకో.

స్నేహితురాళ్లెవరైనా ఉంటే చెప్పు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ ఉంటే చాలు. రైల్లో వెళ్లేవాళ్లు టికెట్ ఒక్కటే చూస్తారు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, రానూ పోనూ ఆటో కూడా ఊరి ప్రయాణం లెక్కలోకే వస్తుంది.

స్కాలర్‌షిప్ వస్తుందని నెల లెక్కలో ఎప్పుడూ రాయకు. పడ్డాక ముందు అప్పులు తీర్చు, మిగిలింది ఆ 1,000 పెట్టే ఖాతాలో వేసెయ్.