జీతం లేని ఇంగ్లిష్ క్లాసు, అందులో టర్కీ కోడి పాఠం... మా అమ్మాయికి ఇది కెరీర్ అవుద్దా?

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టార్ని, మాది తెనాలి. మా అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్, బీఈడీ. అల్లుడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్, అమ్మాయి హెచ్‌4 వీసా మీద ఉంది, అంటే అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది. అక్కడ లైబ్రరీలో వేరే దేశాల నుంచి కొత్తగా వచ్చిన పెద్దవాళ్లకి ఏబీసీడీల నుంచి ఇంగ్లిష్ చెప్తోంది, పైసా జీతం లేదు. ఇప్పుడు నవంబర్ అంతా పండగల మీద పాఠాలు చెప్పమన్నారట. ఇంత చదివించింది ఇందుకా అని నా బాధ. దీనికేమైనా భవిష్యత్తు ఉందా?

జవాబు: మాస్టారూ, కోప్పడనంటే ఒక మాట. ఏబీసీడీలు చెప్పడం చిన్న పని అని మీరే అంటే ఎలాగండీ? పిల్లలకి చెప్పడం వేరు, వాళ్ల దేశంలో లారీయో కొట్టో నడుపుకుని వచ్చిన యాభై ఏళ్లాయనకి "దిస్ ఈజ్ ఎ పెన్" చెప్పడం వేరు. ఆయనకి సిగ్గు, పొద్దుట్నుంచి చాకిరీ చేసొచ్చిన అలసట, రెండు క్లాసులు బోర్ కొట్టాయంటే మూడోదానికి రాడు, ఎందుకు రాలేదని అడగడానికి ఆయనకి హాజరు పట్టీ కూడా ఉండదు.

నేనూ ఒకప్పుడు అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పి బతికినవాణ్ణే. టెన్సుల చార్ట్, పన్నెండు గళ్లు, బోర్డు నిండా గీసేవాణ్ణి. ముప్పై మంది చేరితే నెలాఖరుకి పది మంది మిగిలేవాళ్లు. ఒకసారి సంక్రాంతికి ఊళ్లకెళ్లొచ్చిన కుర్రాళ్లని ఊరికే "వాట్ డిడ్ యూ ఈట్?" అన్నా, అంతే, అరిసెలు, కోడిపందేలు, బావ బైక్ మీంచి పడటం, గంటసేపు ఆగలేదు, అన్నీ తప్పులే కానీ మాట్లాడారు. ఆ చార్టులో సింపుల్ పాస్ట్ గడి ఒక్కటి ఆ రోజు వాళ్ల సొంతమైపోయింది. అందుకే చెప్తున్నా, పండగ పాఠం అంటే టైంపాస్ కాదు, మీ అమ్మాయికి దొరికిన మంచి ఛాన్స్ అది.

ఇక్కడి నుంచి అమ్మాయికి ఫార్వర్డ్ చేసెయ్యండి.

అమ్మా, థాంక్స్‌గివింగ్, అదే టర్కీ కోడి వండుకునే అమెరికా పండగ, నవంబర్‌లో నాలుగో గురువారం కదా, ఆ ఒక్క ముక్కలోనే ఒక క్లాసు ఉంది. ఫోర్త్ అనే లెక్క, ఇన్ నవంబర్, ఆన్ థర్స్‌డే, ఎట్ ఫోర్ ఓక్లాక్. మన తెలుగులో చూడు, నవంబర్‌"లో", నాలుగింటి"కి", గురువారానికి మాత్రం ఏమీ తగిలించం, గురువారం వస్తా అంటాం అంతే. ఆ ఆన్ ఎందుకు ఎగిరిపోతుందో నీకు తెలుసు, పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకి తట్టదు. నీ అసలు బలం అదే, ఇంటర్వ్యూలో కూడా సిగ్గుపడకుండా చెప్పు.

చాలామంది మొదటిరోజే 1621 ప్లిమత్ కథతో మొదలెడతారు, ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన యాత్రికులు అక్కడ పంట పండగ చేసుకున్న కథ. వద్దు. ముందు తలుపు మీద అంటించే నోటీసు చదివించు: క్లోజ్డ్ ఫర్ థాంక్స్‌గివింగ్. ఆ రోజు బ్యాంకు ఉండదు, పోస్టాఫీసు ఉండదు, పిల్లల స్కూల్ ఉండదు, చెత్త బండి కూడా వేరే రోజుకి మారొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకి పండగ ముందు తెలిసేది మూసిన తలుపు దగ్గరే. తర్వాత పిలుపులు. ఆఫీసులోనో పక్కింట్లోనో పాట్‌లక్ అంటారు, తలా ఒక వంటకం పట్టుకెళ్లాలని తెలీక చేతులూపుకుంటూ వెళ్లి ఇబ్బంది పడతారు. "వాట్ కెన్ ఐ బ్రింగ్?" అనే ఒక్క వాక్యం నోటికి వచ్చేదాకా చెప్పించు. దానితోపాటు "నో థాంక్యూ, ఐ డోంట్ ఈట్ పోర్క్" కూడా, పోర్క్ తీసేసి మీట్ పెడితే మన శాకాహారులకీ పనికొస్తుంది. కథ చివర్లో, ఐదే ఐదు చిన్న వాక్యాల్లో. ప్రెసిడెంట్ లింకన్ 1863లో దీన్ని దేశమంతటికీ పండగగా ప్రకటించడం అవన్నీ బిగినర్స్‌కి బరువు. కానీ 1970 నుంచి కొంతమంది అమెరికన్ మూలవాసులు తమ నేల, తమవాళ్లు పోయారని ప్లిమత్‌లో అదే రోజు సంతాపదినం పాటిస్తున్నారన్నది మాత్రం ఒక్క వాక్యంలోనైనా చెప్పు, లేకపోతే సగం కథే చెప్పినట్టు.

ఇంకోటి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు క్లాసులో ఉంటే చెవులు రిక్కిస్తారు: పౌరసత్వ పరీక్షలో జాతీయ సెలవుల పేర్లు చెప్పమనే ప్రశ్న ఉంది, చదవడం, రాయడం కోసం ఇచ్చే పదాల లిస్టుల్లో కూడా థాంక్స్‌గివింగ్, లేబర్ డే లాంటివి ఉంటాయి.

అయితే మొత్తం నువ్వే చెప్పకు, సగం వాళ్లతో చెప్పించు. బోర్డు మీద మూడు ఖాళీలు చాలు: ఇన్ మై కంట్రీ వీ ఈట్ అని ఒకటి, వీ వేర్ అని ఒకటి, వీ విజిట్ అని ఒకటి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, మళ్లీ వాళ్లతోనే చదివించు. దీనికి లాంగ్వేజ్ ఎక్స్‌పీరియన్స్ అప్రోచ్ అని పేరు కూడా ఉంది, రెజ్యూమేలో రాసుకో. మెక్సికో ఆవిడ నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ల కోసం బంతిపూలు పెడతామంటుంది, మనం గుమ్మాలకి కట్టే బంతి అసలు పుట్టిల్లు ఆ మెక్సికోనే, నువ్వు ఆ మాటంటే ఆవిడ మొహం చూడాలి. అఫ్ఘాన్ ఆయన మార్చిలో నౌరోజ్‌కి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, ఏడు రకాల ఎండుపళ్లు, గింజలు నీళ్లలో నానబెడతామంటాడు, మన ఉగాదీ కాస్త అటూఇటూగా అప్పుడే. ఉగాది పచ్చడి చెప్తే స్వీట్, సార్, బిట్టర్, సాల్టీ, హాట్ వరకూ వస్తాయి, వగరు దగ్గర ఆగిపోతావు, ఇంగ్లిష్‌లో దానికి రోజూ వాడే మాట లేదు. అప్పుడు పచ్చి అరటికాయ బొమ్మ గీసి మొహం ముడిచి చూపించు, అందరికీ తెలిసిన రుచే అది. టీచర్‌కి కూడా ఒక మాట దొరకలేదని చూస్తే సిగ్గుపడేవాళ్లు కాస్త నోరు విప్పుతారు.

ఒక జాగ్రత్త. తిండి గురించి అడుగు, మనుషుల గురించి వెంటనే అడక్కు. పండగ ఎవరితో చేసుకుంటారు అనేది పుస్తకంలో మామూలు ప్రశ్నే, యుద్ధంలో ఇంటివాళ్లని వదిలేసి వచ్చినవాళ్లకి కాదు. అక్టోబర్ చివర వచ్చే దెయ్యాల వేషాల పండగ హాలోవీన్, దాని అస్థిపంజరాలు కూడా అలాంటి క్లాసులో నేనైతే పెట్టను. అసలు పండగలే చేసుకోనివాళ్లూ ఉంటారు, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు పుట్టినరోజు కూడా చేసుకోరు, వాళ్లని మాట్లాడమని బలవంతపెట్టొద్దు.

మళ్లీ మీకు మాస్టారూ, డబ్బు సంగతి. ఈఏడీ అనే వర్క్ పర్మిట్ లేకుండా హెచ్‌4 మీద జీతానికి పని చేయకూడదు, గంటకింతని గిఫ్ట్ కార్డు ఇస్తామన్నా లాయర్ని అడక్కుండా తీసుకోవద్దనండి. 2015 నుంచి ఉన్న రూల్ ప్రకారం మామూలుగా భర్తకి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్, అప్రూవ్ అయ్యాక హెచ్‌4 వాళ్లు ఈఏడీకి అప్లై చేసుకోవచ్చు. పెద్దవాళ్లకి ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగాలు కమ్యూనిటీ కాలేజీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉంటాయి, ఎక్కువ భాగం పార్ట్ టైమ్, గంటల లెక్క, దాని మీదే ఇల్లు నడుస్తుందని నేను చెప్పను. నిలకడైన జీతం కావాలంటే గవర్నమెంట్ స్కూల్లో ఈఎస్‌ఎల్ టీచర్, అంటే ఇంగ్లిష్ మాతృభాష కాని పిల్లలకి ఇంగ్లిష్ చెప్పే టీచర్ దారి చూడాలి. టెక్సాస్‌లో అయితే మన డిగ్రీలు అక్కడివాటికి సమానమో కాదో చూసే ఎవాల్యుయేషన్, టీచర్ ప్రిపరేషన్ ప్రోగ్రామ్, టెక్సెస్ అనే టీచర్ సర్టిఫికెట్ పరీక్షలు, అందులో ఈఎస్‌ఎల్‌ది 154 నంబరు పేపర్. ఈలోపు ఖాళీగా ఉండకుండా కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా, అంటే పెద్దవాళ్లకి ఇంగ్లిష్ ఎలా చెప్పాలో నేర్పే సర్టిఫికెట్, చేయొచ్చు, 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజం స్టూడెంట్ల ముందు పాఠం చెప్పాలి, లైబ్రరీ అనుభవం అక్కడ బాగా పనికొస్తుంది.

ఇప్పటికైతే అమ్మాయి చేయాల్సింది ఒకటే, చెప్పిన ప్రతి పాఠం ప్లాన్ దాచుకోవడం, ఎన్ని గంటలు చెప్పిందో లైబ్రరీ వాళ్ల దగ్గర లెటర్ తీసుకోవడం. మీరు చేయాల్సింది కూడా ఒకటుంది, ఈ ఆదివారం ఫోన్లో మాట్లాడేటప్పుడు అల్లుడుగారి ఐ-140 ఏ స్టేజీలో ఉందో కనుక్కోండి.