లైబ్రరీ రూటర్ గురించి మేనకోడలికి

అమ్మడూ,

మన ఊరి లైబ్రరీలో పిల్లలు చదువుకునే గదికి వైఫై అందడం లేదట కదా. అటక మీది పాత టీపీ-లింక్ ఆర్చర్ సీ7 రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి నువ్వే పెడతానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో! ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, చెప్పకుండా ఉండలేను.

పెట్టె వెనక్కి తిప్పి వెర్షన్ నంబర్ చూడు. ఆ వెర్షన్‌కి ఇచ్చిన ఫైలే దించుకో. కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద మొదటిసారి ఎక్కించేది ‘ఫ్యాక్టరీ’ ఫైలు, ఆ తర్వాత అప్‌డేట్లకి ‘సిస్‌అప్‌గ్రేడ్’.

ఇప్పుడు అసలు సంగతి. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. చెయ్యి చాలా చురుకు. హాస్టల్‌లో వైఫై ఇచ్చే పెట్టెకి కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించాల్సి వచ్చి, లినక్స్ సర్వర్ నుంచి తన విండోస్ కంప్యూటర్‌కి ఎఫ్‌టీపీలో, అంటే ఫైళ్లు పంపుకునే పాత పద్ధతిలో, ఫైలు తెచ్చుకున్నాడు. తెచ్చే ముందు ‘బైనరీ’ అని కొట్టడం మర్చిపోయాడు. ఆ రోజుల్లో నల్ల తెర మీది ఎఫ్‌టీపీ, మనం చెప్పకపోతే ప్రతి ఫైలూ ఉత్తరం లాంటి వట్టి అక్షరాల ఫైలే అనుకునేది. లైను ముగిసే గుర్తు లాంటి బైట్ కనిపించిన చోటల్లా దాని ముందు ఇంకో బైట్ చేర్చేది. ఫర్మ్‌వేర్‌లో సుమారు 256 బైట్లకి ఒకటి అలాంటిదే ఉంటుంది. అంటే 4 ఎంబీ ఫైలు ఇంకో 16 కేబీ దాకా ఉబ్బుతుంది. అంత తేడా కంటికి ఆనదు. పేరు అదే. ఎక్కించాడు. దీపం వెలిగి ఆరింది, మళ్లీ వెలగలేదు.

పెట్టె పోతే పోయింది, నాకు దాని బాధ లేదు. అందరి ముందూ వాణ్ని పెద్దాయన ఒకరు నానా మాటలూ అన్నారు. ఆ తర్వాత వాడు ఏ పరికరం దగ్గరికి పిలిచినా ‘వద్దులెండి మేడం’ అనేవాడు. కొన్నాళ్లకి ఆ పనే మానేశాడు. అంత మంచి చెయ్యి! నీ విషయంలో నా భయం కూడా అదే. పెట్టె పాడైతే ‘ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు’ అనే నోళ్లు మన ఊళ్లో ఉన్నాయి. వాళ్లకి ఆ అవకాశం ఇవ్వకు.

కాబట్టి ఫైలు దిగగానే సైజు చూడు. తర్వాత ఎస్‌హెచ్‌ఏ256 లెక్క (ఫైలుకి వేలిముద్ర లాంటిది) తీసి, సైట్‌లో ఇచ్చినదానితో చివరి అక్షరం దాకా పోల్చు. సగం చూసి సరిపోయిందనుకునే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఎక్కాలప్పుడే చూశాను. ఈ ఒక్కసారికి వద్దు తల్లీ. తర్వాత ఎస్‌సీపీతో (ఫైలు పంపే కమాండ్) అప్‌డేట్ ఫైలు టెంప్ ఫోల్డర్‌లోకి పంపినప్పుడూ అంతే, రూటర్‌లో మళ్లీ లెక్క తియ్యి. ఆ ఎస్‌సీపీ మొరాయిస్తే కంగారుపడకు. 2022లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి అది లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతి వాడుతోంది, ఈ పెట్టెలో మామూలుగా ఆ సర్వర్ ఉండదు. కమాండ్‌లో మైనస్ పెద్ద ఓ (-O) చేర్చు, పాత పద్ధతిలో వెళ్తుంది.

ఎక్కేటప్పుడు కరెంటు పోకూడదు. మన కోనసీమలో మబ్బు పడితే చాలు తీసేస్తారు, ఇన్వర్టర్ ఉన్న మన ఇంట్లోనే కానిచ్చి, లైబ్రరీకి తర్వాత తీసుకెళ్లు. వైఫై మీద ఎక్కించకు, కేబుల్ పెట్టు.

లేచాక వైఫై కనపడదు. పాడైందని ఏడవకు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మొదట ఆపేసే ఉంటుంది. కేబుల్‌తో 192.168.1.1కి వెళ్లి ముందు రూట్ పాస్‌వర్డ్ పెట్టు, అప్పటిదాకా దానికి తాళమే లేదు. లైబ్రరీ ఫైబర్ పెట్టెది కూడా అదే అడ్రస్ అయితే నీదాన్ని 192.168.1.2 చెయ్యి. నీదాంట్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని) ఆపెయ్యి, లేకపోతే ఇద్దరు పెద్దమనుషులు ఒకే ఇంట్లో వాటాలు పంచినట్టు ఫోన్లకి వేర్వేరు దారులు చెబుతాయి. ఫైబర్ నుంచి వచ్చే కేబుల్ లాన్ పోర్ట్‌లోనే గుచ్చు, నీలం వాన్ పోర్ట్‌లో కాదు. దేశం ఇండియా పెట్టు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది తీసుకో. పిల్లల దగ్గరుండేవి పాత ఫోన్లు, వైఫై తాళానికి డబ్ల్యూపీఏ2 చాలు.

అన్నీ చూసుకున్నా లేవకపోతే ఒంటరిగా కూర్చుని బెంగపడకు, నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే. టీఎఫ్‌టీపీతో, అంటే ఫైళ్లు పంపే ఇంకో తేలిక పద్ధతితో, మళ్లీ లేపవచ్చు: ల్యాప్‌టాప్‌కి 192.168.0.66 ఇచ్చి, రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే పెట్టే వచ్చి ఫైలు అడుగుతుంది. అప్పుడు ఫైర్‌వాల్ ఆపి ఉంచు. రూటర్ ఆపిన ప్రతిసారీ ల్యాప్‌టాప్‌కి లింక్ తెగి ఆలస్యమవుతుంది, అందుకే మధ్యలో ఒక చిన్న స్విచ్ ఉండాలి. నా దగ్గర ఐదు పోర్టులది ఉంది, దాని అడాప్టర్‌తో సహా రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. అమలాపురం బస్టాండ్‌లో మీ నాన్నని తీసుకోమను. అది చేరాకే మొదలుపెట్టు.

మీ అత్త